అన్నంతో పాటు వెనిగర్: షుగర్ ఉన్నవాళ్ళకు ఎంతవరకు పనికొస్తుంది

పొద్దున్నే పరగడుపున గోరువెచ్చని నీళ్ళు, అందులో రెండు చెంచాల యాపిల్ సైడర్ వెనిగర్, పైన ఒక చెంచా తేనె. షుగర్ ఉన్నవాళ్ళకు వాట్సాప్‌లో ఎక్కువగా వచ్చే చిట్కా ఇదే. దీన్లో వెనిగర్ ఒక్కటే సరైనది. తాగే వేళ తప్పు, కలిపే తేనె తప్పు, దాన్నుంచి ఆశించే ఫలితం కూడా తప్పే. షుగర్ విషయంలో వెనిగర్ చేసే మేలు నిజమే, కానీ చిన్నది. ఆ చిన్న మేలు దక్కాలన్నా వెనిగర్ అన్నంతో పాటే కడుపులోకి వెళ్ళాలి. ఆరింటికి తాగిన వెనిగర్ ఒంటిగంటకు తిన్న భోజనాన్ని ఏమీ చేయలేదు.

ఇది ఊహించి చెబుతున్న మాట కాదు. అమెరికాలోని అరిజోనా స్టేట్ యూనివర్సిటీలో క్యారల్ జాన్‌స్టన్ బృందం 2010లో సరిగ్గా ఈ సంగతే పరీక్షించింది. భోజనంతో పాటు రెండు చిన్న చెంచాలు, అంటే దాదాపు 10 గ్రాముల వెనిగర్ తీసుకున్నప్పుడు, తిన్న తర్వాత గ్లూకోజ్ పెరుగుదల సుమారు 20 శాతం తగ్గింది. అదే వెనిగర్‌ను ఐదు గంటల ముందు తాగితే ఆ ఫలితం రాలేదు. బ్రెడ్డు లాంటి పిండి పదార్థం బదులు నేరుగా గ్లూకోజ్ ఇచ్చినప్పుడూ రాలేదు. ఈ మూడు ఫలితాలూ గుర్తుంటే వెనిగర్ ఎలా వాడాలో సగం తెలిసినట్టే.

అసలు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. వెనిగర్‌లో పనిచేసేది ఎసిటిక్ ఆమ్లం. మామూలు సీసాలో అది 4 నుంచి 6 శాతం దాకా ఉంటుంది, మిగతాదంతా దాదాపు నీళ్ళే. మనం తిన్న అన్నం కడుపులోంచి చిన్నపేగులోకి కొంచెం కొంచెంగా జారుతుంది. ఎంత తొందరగా జారితే గ్లూకోజ్ అంత తొందరగా రక్తంలో కలుస్తుంది. ఎసిటిక్ ఆమ్లం ఈ జారుడును నెమ్మది చేస్తుంది. ఇది మొదటి పని. ఇక పిండిని విడగొట్టే ఎంజైములు. లాలాజలంలోని ఎమైలేజ్ పులుపులో పనిచేయలేదు. చక్కెరలను విడగొట్టే పేగు ఎంజైముల జోరు కూడా ఎసిటిక్ ఆమ్లం తగిలితే తగ్గుతుందని ప్రయోగశాలలో పెంచిన కణాల మీద చూశారు. మూడోది, రక్తంలోని గ్లూకోజ్‌ను కండరాలు లాక్కోవడం. టైప్ 2 షుగర్ ఉన్నవారి మీద గ్రీసులో జరిగిన ఒక అధ్యయనంలో, భోజనానికి ముందు వెనిగర్ ఇచ్చినప్పుడు ముంజేతి కండరాలు గ్లూకోజ్‌ను ఎక్కువగా తీసుకున్నాయి. ఈ మూడింట్లో నాకు అన్నిటికన్నా బలంగా అనిపించేది మొదటిదే. జాగ్రత్తలు ఎక్కువగా పుట్టుకొచ్చేది కూడా దానినుంచే, ఆ సంగతి కిందికి వస్తాను.

ఆమ్లమే అసలు సరుకు అనడానికి 1995లో ఇటలీలో జరిగిన ఒక చిన్న ప్రయోగం మంచి రుజువు. ఆరోగ్యంగా ఉన్న ఐదుగురికి ఆలివ్ నూనె కలిపిన లెట్యూస్ ఆకులు పెట్టి, పైన తెల్ల బ్రెడ్డు తినిపించారు. ఆకుల్లో ఒక గ్రాము ఎసిటిక్ ఆమ్లం ఉండేలా వెనిగర్ కలిపిన రోజు గ్లూకోజ్ స్పందన 31.4 శాతం తగ్గింది. మరో రోజు అదే వెనిగర్‌లో సోడియం బైకార్బొనేట్, అంటే మన వంట సోడా వేసి పులుపు చంపి ఇచ్చారు. ఆ రోజు తగ్గుదల లేదు. కడుపులో మంట వస్తుందని వెనిగర్ నీళ్ళలో చిటికెడు వంట సోడా వేసుకునేవాళ్ళు ఉన్నారు. బుస్సుమని నురగ రావడం చూసి బాగా పనిచేస్తోందనుకుంటారు. ఆ నురగతో పాటు ఖర్చయిపోయేది మీరు డబ్బు పెట్టి కొన్న ఆమ్లమే, సోడా ఎంత వేస్తే పులుపు అంత చస్తుంది. వంట సోడా వేస్తే తప్ప తాగలేనంత మంట ఉందంటే, వెనిగర్ మీకు పడదని అర్థం. మానేయండి.

ఇదే లెక్కన సీసాలో అడుగున తేలే మబ్బులాంటి పదార్థం, 'మదర్' అంటూ ఎక్కువ ధర పెట్టి అమ్మేది, షుగర్ విషయంలో అవసరం లేదు. అది వెనిగర్‌ను తయారుచేసిన బ్యాక్టీరియా, అవి అల్లుకున్న సెల్యులోజ్ పొర. ఉంటే నష్టం లేదు, లేకపోయినా లోటు లేదు. పరిశోధనల్లో యాపిల్ వెనిగర్‌తో పాటు ద్రాక్ష వెనిగర్, తెల్ల వెనిగర్ కూడా వాడారు. నేరేడు సిర్కా, చెరకు సిర్కా, గోవావాళ్ళు కల్లుతో చేసే కొబ్బరి వెనిగర్, ఏదైనా సరే, చూడాల్సింది లేబుల్ మీద ఎసిటిక్ ఆమ్లం ఎంత శాతం అని, చక్కెర కలిపారా లేదా అని. సూషీ అనే జపాన్ వంటకం కోసం అమ్మే రైస్ వెనిగర్‌లో చక్కెర, ఉప్పు ముందే కలిపి ఉంటాయి. చిక్కటి బాల్సమిక్ గ్లేజ్ కూడా తియ్యనిదే. ఈ రెండూ వద్దు.

కిరాణా కొట్లో అతి చవకగా దొరికే తెల్ల వెనిగర్ సీసాను తిప్పి చూస్తే, ఎసిటిక్ ఆమ్లంతో తయారుచేసిన సింథటిక్ వెనిగర్ అని ఇంగ్లీషులో రాసి ఉంటుంది. అలా రాయాలని మన దేశ ఆహార చట్టం చెబుతుంది. గ్లూకోజ్ మీద పనిచేసేది ఆమ్లమే కాబట్టి సిద్ధాంతంగా అదీ పనిచేయాలి. కానీ రోజూ కడుపులోకి పోయేదానికి పులియబెట్టి చేసిన వెనిగర్ కొనుక్కోమంటాను. నిజంగా ప్రమాదమైనది వేరే ఉంది. లేబొరేటరీలకు, ఫ్యాక్టరీలకు అమ్మే గాఢ ఎసిటిక్ ఆమ్లం అది. చవకని అది తెచ్చి ఇంట్లో నీళ్ళు కలుపుకోవడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. పొరపాటున కాస్త గొంతులో పడ్డా అన్నవాహిక కాలిపోతుంది.

ఇప్పుడు కొలతలు. పరిశోధనల్లో ఒక పూటకు వాడింది 10 నుంచి 30 మి.లీ. మధ్యలో. నా సలహా 15 మి.లీ., పడితే 20 మి.లీ. దాకా. ఆమ్లం లెక్కలో చెప్పాలంటే 5 శాతం వెనిగర్ 15 మి.లీ.లో 0.75 గ్రాములు, 4 శాతం దాంట్లో 0.6 గ్రాములు. అందుకే సీసా 4 శాతందైతే 20 మి.లీ. వేసుకోవచ్చు. ఇంట్లో చెంచాలను నమ్మొద్దు. ఒక స్టీలు చెంచాలో 5 మి.లీ. పడితే, పక్కనున్న ఇంకో చెంచాలో 10 పడుతుంది. దగ్గు మందు సీసాతో వచ్చే గీతల మూత ఉంటుంది కదా, 5, 10, 15 అని గీతలున్నది, దాన్ని బాగా కడిగి ఆరబెట్టి దీనికే అట్టిపెట్టండి. అంతకు మించిన కొలపాత్ర అక్కర్లేదు.

తాగేటట్టయితే ఆ 15 మి.లీ.ని కనీసం ఒక గ్లాసు, అంటే 200 మి.లీ. నీళ్ళలో కలపాలి. మొదటి ముద్దకు ఒకటి రెండు నిమిషాల ముందు మొదలుపెట్టి, తింటూ తింటూ ముగించాలి. నీళ్ళు కలపకుండా గుక్క వేయడం, ఊపిరి బిగబట్టి ఒకేసారి మింగడం, ఈ రెండూ గొంతును, అన్నవాహికను గాయపరుస్తాయి. పడుకోబోయే ముందు తాగడం కూడా నాకు ఇష్టం లేదు, పడుకోగానే పులుపు పైకి తన్నుకొస్తుంది. 2007లో ఇదే జాన్‌స్టన్ బృందం, ఇన్సులిన్ వాడని 11 మంది టైప్ 2 రోగులకు పడుకునేముందు రెండు పెద్ద చెంచాల వెనిగర్, ఒక చీజ్ ముక్క ఇచ్చి చూసింది. మర్నాటి పరగడుపు షుగర్ 4 శాతం తగ్గింది. వెనిగర్ బదులు నీళ్ళు తాగిన రోజుల్లో 2 శాతం. లెక్క వేసి చూడండి, 150 ఉన్న మనిషికి 4 శాతం అంటే 6 పాయింట్లు. దానికోసం రాత్రంతా ఛాతీలో మంట పడాల్సిన పని లేదు.

తాగడం కన్నా తినడం మేలు. వెనిగర్‌ను కూరగాయ ముక్కల్లో కలిపి అన్నానికి ముందు తింటే పళ్ళకు, గొంతుకు తగిలే ఘాటు తగ్గుతుంది, పీచు కూడా కలిసొస్తుంది. ఒక మనిషికి ఇలా చేసుకోవచ్చు. ఒక చిన్న ఉల్లిపాయను పల్చటి చక్రాలుగా కోసి, విడదీసి, చన్నీళ్ళలో ఒకసారి కడిగి పిండండి. ఘాటు పోతుంది. ఒక కీరదోసకాయ సగం, ఒక చిన్న టమాటా ముక్కలు, గుప్పెడు కొత్తిమీర కలపండి. పైన 15 మి.లీ. వెనిగర్, ఒక చిన్న చెంచా నువ్వుల నూనెగానీ వేరుశనగ నూనెగానీ, చిటికెడు ఉప్పు, మిరియాల పొడి. పది నిమిషాలు మూతపెట్టి ఉంచితే ఉల్లి చక్రాలు మెత్తబడి వంగుతాయి, అంచులు అద్దంలా మారతాయి, గిన్నె అడుగున లేత గులాబీ రంగు నీరు దిగుతుంది. ఆ నీటిని పారబోయకూడదు. వేసిన ఆమ్లంలో చాలా భాగం ఆ నీటిలోనే ఉంటుంది. చాలామంది ముక్కలు ఏరుకు తిని, పుల్లగా ఉందని అడుగునున్నదాన్ని సింకులో పోస్తారు. అప్పుడు కడుపులోకి వెళ్ళింది ఐదారు మి.లీ. కూడా ఉండదు. ఆ నీటిని మొదటి ముద్దలో పప్పన్నంతో కలుపుకుంటే సరిపోతుంది, పప్పులో నిమ్మకాయ పిండుకున్నట్టే ఉంటుంది.

హోటళ్ళలో బిర్యానీ పక్కన పెట్టే సిర్కా ఉల్లిపాయలు దీనికి సాటి రావు. వాటిలో వెనిగర్ పల్చగా ఉంటుంది, చాలాచోట్ల చక్కెర కూడా కలుపుతారు. మన ఆవకాయ, మాగాయల పులుపు వేరు, అది మామిడికాయది. కొన్న పచ్చళ్ళ సీసా మీద ఐఎన్ఎస్ 260 అని ఉంటే అది ఎసిటిక్ ఆమ్లమే, కానీ నిల్వ కోసం వేసిన కాస్త. 15 మి.లీ. వెనిగర్‌కు సమానమైన ఆమ్లం పచ్చడి నుంచి రావాలంటే తినే ఉప్పుకు బీపీ ముందు లేస్తుంది.

మరి మన పులుపులు? చింతపండులో ఉన్నది ప్రధానంగా టార్టారిక్ ఆమ్లం, నిమ్మకాయలో సిట్రిక్ ఆమ్లం. నిమ్మరసం మీద ఫ్రాన్స్‌లో ఒక అధ్యయనం 2021లో వచ్చింది. బ్రెడ్డుతో పాటు నిమ్మరసం తాగిన ఆరోగ్యవంతుల్లో గ్లూకోజ్ శిఖరం 30 శాతం తగ్గింది, అరగంటకు పైగా ఆలస్యంగా వచ్చింది. అయితే వాళ్ళు తాగింది గ్లాసెడు. పప్పులో పిండుకునే అరచెక్క నుంచి అంత ఆశించకూడదు. పులిహోర పులుపే కదా అని రెండు గరిటెలు ఎక్కువ వేసుకుంటే, పులుపు చేసే మేలు కన్నా ఆ అన్నం చేసే చేటు పెద్దది.

ఏ భోజనం మీద పనిచేస్తుంది, దేని మీద చేయదు అన్నది తెలుసుకోవడం డోసు కన్నా ముఖ్యం. 2010లో గ్రీసులో టైప్ 2 రోగుల మీద ఒక పరీక్ష చేశారు. కొందరికి మెత్తగా మెదిపిన బంగాళాదుంప, పాలు. మరికొందరికి ముడి గోధుమ బ్రెడ్డు, ఆకులు, చీజ్. రెండు భోజనాలకూ 20 గ్రాముల వెనిగర్. బంగాళాదుంప తిన్నవాళ్ళలో షుగర్ తగ్గింది, ముడి గోధుమ బ్రెడ్డు తిన్నవాళ్ళలో పెద్దగా తేడా లేదు. కారణం తేలికే. నెమ్మదిగా అరిగే భోజనాన్ని ఇంకా నెమ్మది చేయడానికి చోటు ఉండదు. మన కంచానికి అన్వయిస్తే, పాలిష్ పట్టిన తెల్లన్నం, ఆలూ కూర, మైదా పరోటా, బ్రెడ్డు ఉన్న పూట వెనిగర్‌కు పని ఉంటుంది. శనగల గుగ్గిళ్ళు, పెసరట్టు, నిండా కూర పెట్టుకుని తిన్న ఒక జొన్నరొట్టె, ఇలాంటి పూట దాని అవసరం తక్కువ. పండ్లరసం, కూల్‌డ్రింక్, తేనె, టీలో చక్కెర మీద దానివల్ల ప్రయోజనం ఆశించొద్దు. టైప్ 2 రోగులకు 75 గ్రాముల గ్లూకోజ్ నీళ్ళతో వెనిగర్ కలిపి ఇచ్చిన పరీక్షలో షుగర్ తగ్గలేదు. అందుకే వెనిగర్‌లో తేనె కలపడం నాకు బాధగా ఉంటుంది. ఒక చిన్న చెంచా తేనెలో ఐదారు గ్రాముల చక్కెర ఉంటుంది, అదీ వెనిగర్ ఆపలేని రకం చక్కెర.

2004లో వచ్చిన జాన్‌స్టన్ అధ్యయనం గురించి ఒక మాట, ఎందుకంటే 'వెనిగర్ ఇన్సులిన్ పనితీరును 34 శాతం పెంచుతుంది' అని ఎక్కడ చూసినా కనిపించే వాక్యం అక్కడిదే. 87 గ్రాముల పిండి పదార్థం ఉన్న భోజనానికి ముందు 20 గ్రాముల యాపిల్ సైడర్ వెనిగర్ ఇచ్చి, తర్వాత గంట సేపు కొలిచారు. 34 శాతం మెరుగు కనిపించింది ఇన్సులిన్ నిరోధం, అంటే ఇన్సులిన్ ఉన్నా ఒళ్ళు దానికి సరిగా స్పందించకపోవడం, ఉన్నా ఇంకా షుగర్ జబ్బు రాని 11 మందిలో. జబ్బు వచ్చిన 10 మందిలో అది 19 శాతమే. అదీ ఒక్క భోజనం, ఒక్క గంట లెక్క. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 34 శాతం తగ్గుతుందని దాని అర్థం కాదు. షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ మానేసి వెనిగర్ పట్టుకోవడానికి ఆ వాక్యం ఆధారం కాదు. ఇక బరువు తగ్గుతారంటూ 2024లో ప్రపంచమంతా మోగిన లెబనాన్ అధ్యయనాన్ని, అందులోని గణాంకాల మీద అనుమానాలు రావడంతో, ప్రచురించిన బీఎంజే సంస్థే 2025లో వెనక్కి తీసుకుంది. వెనక్కి తీసుకున్న సంగతి మాత్రం ఎవరి ఫోన్లోనూ ఫార్వర్డ్ కావడం లేదు.

మాత్రలు, గమ్మీలు వద్దు. గమ్మీల్లో చక్కెర ఉంటుంది, ఆమ్లం నామమాత్రం. వెనిగర్ మాత్రలను మింగినప్పుడు ద్రవ వెనిగర్ ఇచ్చినంత ఫలితం రాలేదని పరీక్షించి చూశారు. 2005లో అమెరికాలో ఎనిమిది రకాల మాత్రలు తీసుకుని కొలిస్తే, లేబుల్ మీద ఉన్నదానికీ లోపల ఉన్నదానికీ పొంతన లేదు. ఆ పరిశీలన మొదలైందే ఒక మనిషికి మాత్ర గొంతులో ఇరుక్కుని అన్నవాహిక గాయపడడం వల్ల.

పళ్ళ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. షుగర్ ఉన్నవాళ్ళకు చిగుళ్ళ జబ్బులు మామూలే, నోరు ఎండిపోవడం కూడా. లాలాజలం తక్కువైన నోట్లో ఆమ్లం ఎక్కువసేపు నిలుస్తుంది, ఎనామిల్ మెత్తబడుతుంది. మెత్తబడిన ఎనామిల్ మీద బ్రష్ పెట్టి రుద్దితే అది అరిగిపోతుంది. కాబట్టి వెనిగర్ తాగిన వెంటనే పళ్ళు తోమకూడదు. మామూలు నీళ్ళతో పుక్కిలించి, ఒక గంట ఆగి తోముకోవాలి. స్ట్రా వాడితే ముందు పళ్ళకు తగలదు. గ్లాసు పక్కన పెట్టుకుని గంటసేపు చప్పరించడం అన్నిటికన్నా చెడ్డది. చల్లని నీళ్ళు తాగితే జివ్వుమనడం మొదలైతే, పళ్ళ అంచులు పల్చబడి పారదర్శకంగా కనిపిస్తే, తాగడం ఆపి పళ్ళ డాక్టర్‌కు చూపించుకోవాలి. పోయిన ఎనామిల్ మళ్ళీ పెరగదు.

మీకు పనిచేస్తోందో లేదో చూసుకోవడం

ఇతరుల సగటులు మీ ఒంటికి వర్తించాలని లేదు. ఇంట్లో గ్లూకోమీటర్ ఉంటే రెండు వారాల్లో తేల్చుకోవచ్చు. కానీ చాలామంది ఒకరోజు వెనిగర్ తాగి, ఒకసారి వేలు గుచ్చి, నిన్నటి కన్నా 15 తక్కువ వచ్చిందని సంబరపడతారు. మీటరు లెక్క తెలిస్తే ఆ సంబరం ఉండదు. మీటర్లకు ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 100, అంతకు పైన ఉన్న రీడింగు అసలు విలువకు 15 శాతం అటూ ఇటూ ఉండొచ్చు. 100 లోపైతే 15 పాయింట్లు అటూ ఇటూ. అంటే అసలు షుగర్ 180 ఉంటే మీటరు 153 అని చూపించినా, 207 అని చూపించినా అది బాగానే ఉన్నట్టు లెక్క. ఒక్క రీడింగుకు, ఇంకో రీడింగుకు మధ్య 15, 20 తేడా వెనిగర్ వల్ల వచ్చిందో, స్ట్రిప్ వల్ల వచ్చిందో చెప్పలేం.

అందుకే ఒకే భోజనాన్ని ఎంచుకోండి. మధ్యాహ్నం అన్నం అనుకుందాం. వండిన అన్నం 150 గ్రాములు తూచి పెట్టుకోండి, అందులో పిండి పదార్థం 40 గ్రాములకు కాస్త పైన ఉంటుంది. తక్కెడ లేకపోతే ఒకే గిన్నెతో నొక్కకుండా అంచు దాకా కొలవండి. పప్పు, కూర రోజూ ఒకేరకం ఉండాలి. కూరగాయ ముక్కలు కూడా రెండు రకాల రోజుల్లోనూ ఒకే పరిమాణంలో ఉండాలి, వెనిగర్ వేసిన రోజు, వేయని రోజు అన్నదే తేడా. ఇది మరిచిపోతే మీరు కొలిచేది వెనిగర్‌ను కాదు, కీరదోసను. ఒకరోజు వేసి, ఒకరోజు వేయకుండా, మార్చి మార్చి కనీసం ఆరు రోజులు, పన్నెండైతే మరీ మంచిది. మాత్రలు, వాటి వేళలు మారకూడదు. తిన్నాక ఒకరోజు నడిచి ఇంకోరోజు పడుకుంటే లెక్క చెడుతుంది.

గంట లెక్క మొదటి ముద్ద నుంచి మొదలవుతుంది, చెయ్యి కడుక్కున్నప్పటి నుంచి కాదు. తినే ముందు ఒకసారి, గంటకు ఒకసారి, రెండు గంటలకు ఒకసారి గుచ్చండి. వీలైతే మూడు గంటలకు కూడా. ఎందుకంటే వెనిగర్ అన్నాన్ని ఆలస్యం చేస్తుంది. గంటకు తక్కువ చూపించి, రెండు మూడు గంటలకు మామూలు కన్నా ఎక్కువ చూపిస్తే షుగర్ తగ్గలేదు, వాయిదా పడిందంతే. గుచ్చే ముందు చేతులు సబ్బుతో కడిగి బాగా తుడుచుకోవాలి. మామిడిపండు, అరటిపండు తొక్క తీసిన వేలితో గుచ్చితే చర్మం మీది చక్కెర కూడా రీడింగులో కలుస్తుంది. వేలిని గట్టిగా పిండొద్దు. స్ట్రిప్‌ల డబ్బా మూత తెరిచి ఉంచితే తేమకు చెడిపోతాయి, వానాకాలంలో, సముద్రం పక్క ఊళ్ళలో మరీను.

ఒక కాగితం మీద రెండు వరసలు గీసి రాయండి. తినే ముందున్న అంకెను గంట అంకెలోంచి తీసేస్తే పెరుగుదల వస్తుంది, పోల్చాల్సింది ఆ పెరుగుదలలను. వెనిగర్ లేని రోజుల్లో 85, 70, 92 పెరిగి, ఉన్న రోజుల్లో 60, 58, 71 పెరిగిందనుకోండి, సగటు తేడా 19. మూడు జతల్లోనూ ఒకే దిక్కుకు ఉంది కాబట్టి దాన్ని నమ్మొచ్చు. ఒక జతలో 30 తగ్గి, ఇంకోదాంట్లో 20 పెరిగితే మీకు ఫలితం లేదనుకోండి. ఫలితం లేకపోతే మానేయడంలో సిగ్గు లేదు. షుగర్‌ను ఎప్పటికప్పుడు కొలిచే సెన్సర్ చేతికి పెట్టుకున్నవాళ్ళకు ఈ పరీక్ష ఇంకా సులువు, గీత మొత్తం కనిపిస్తుంది కాబట్టి.

ఎవరికి వద్దు

ముందుగా, ఏళ్ళ తరబడి షుగర్ ఉండి నరాలు దెబ్బతిన్నవాళ్ళు. నాలుగు ముద్దలకే కడుపు నిండినట్టు అనిపించడం, పొద్దున తిన్నది సాయంత్రం వాంతిలో కనిపించడం, షుగర్ కారణం లేకుండా పైకీ కిందికీ ఊగడం, ఇవి కడుపు కదలిక మందగించిందనడానికి గుర్తులు. దీన్ని గ్యాస్ట్రోపరేసిస్ అంటారు. స్వీడన్‌లో 2007లో ఈ ఇబ్బంది ఉన్న పదిమంది టైప్ 1 రోగులకు రెండు వారాలు రోజూ 30 మి.లీ. యాపిల్ సైడర్ వెనిగర్ ఇచ్చి చూస్తే, కడుపు ఖాళీ అయ్యే రేటు 27 శాతం నుంచి 17 శాతానికి పడిపోయింది. ముందే నత్తనడక నడుస్తున్న కడుపు అది. భోజనానికి ముందు ఇన్సులిన్ వేసుకునేవాళ్ళకు ఇది ఎలా తిరగబడుతుందంటే, ఇన్సులిన్ అనుకున్న వేళకు రక్తంలోకి వచ్చేస్తుంది, అన్నం మాత్రం ఇంకా కడుపులోనే ఉంటుంది. తిన్న గంటకే షుగర్ పడిపోయి చెమటలు, వణుకు. నాలుగు గంటల తర్వాత అన్నం దిగి, ఇన్సులిన్ జోరు తగ్గాక షుగర్ 250. 30/70 మిశ్రమ ఇన్సులిన్ వేసుకునేవాళ్ళకూ ఇదే ముప్పు. సెమాగ్లుటైడ్ లాంటి ఇంజెక్షన్లు కూడా కడుపును నెమ్మది చేసేవే, వాటి మీద వెనిగర్ వేస్తే వికారం పెరిగే అవకాశం ఉంది.

గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ మాత్రలు వాడేవాళ్ళు మొదటి వారం తిన్న తర్వాత రీడింగులు చూసుకుంటూ, సగం మోతాదు వెనిగర్‌తో మొదలుపెట్టాలి. ఈ మాత్రలు భోజనం వచ్చినా రాకున్నా ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తాయి. వెనిగర్‌తో ఆకలి చస్తుందని అన్నం తగ్గించేసి, మాత్ర మాత్రం అదే వేసుకుంటే లో షుగర్ వస్తుంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడేవాళ్ళు భోజనాలు మానేస్తే వేరే ప్రమాదం, మీటరులో షుగర్ పెద్దగా లేకుండానే రక్తంలో కీటోన్లు పెరిగి ఆమ్లం ఎక్కువవుతుంది. వికారం, కడుపునొప్పి, ఆయాసం వస్తే వెనిగర్ వల్ల ఎసిడిటీ అనుకుని ఇంట్లో కూర్చోకూడదు. వెంటనే ఆసుపత్రికి వెళ్ళి, వాడే మాత్ర పేరు చెప్పి కీటోన్ల పరీక్ష చేయమనాలి.

బీపీకి నీరు తీసే మాత్రలు, అంటే హైడ్రోక్లోరోథయజైడ్, క్లోర్‌థాలిడోన్, ఫ్యూరోసెమైడ్ లాంటివి వాడేవాళ్ళలో పొట్యాషియం ముందే తక్కువ ఉండొచ్చు. టెల్మిసార్టన్ పక్కన 'హెచ్' అక్షరం ఉందంటే అందులో హైడ్రోక్లోరోథయజైడ్ కలిసి ఉన్నట్టే, స్ట్రిప్ వెనక చూడండి. 1998లో ఆస్ట్రియా వైద్యులు రాసిన ఒక కేసు ఉంది. 28 ఏళ్ళ యువతి ఆరేళ్ళపాటు రోజుకు 250 మి.లీ. యాపిల్ సైడర్ వెనిగర్ తాగింది. పొట్యాషియం పడిపోయింది, ఎముకలు ఆ వయసులోనే గుల్లబారాయి. 15 మి.లీ.కి అంత జరగదు, కానీ కొంచెం మంచిదైతే ఎక్కువ ఇంకా మంచిదనుకునేవాళ్ళు ఈ కేసును గుర్తుపెట్టుకోవాలి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు, గుండెకు డిజాక్సిన్ వాడేవాళ్ళు, అల్సర్ ఉన్నవాళ్ళు, ఎసిడిటీకి రోజూ పాంటోప్రజోల్ లేకపోతే గడవనివాళ్ళు డాక్టర్‌ను అడక్కుండా మొదలుపెట్టొద్దు.

ఇక, వెనిగర్ పడనివాళ్ళు ఏదో పోగొట్టుకున్నామని దిగులుపడాల్సిన పని లేదు. కంచంలో తినే వరస మార్చడం దీనికన్నా బలమైన ఉపాయం. 2015లో న్యూయార్క్‌లోని వైల్ కార్నెల్ వైద్య కళాశాలలో, మెట్‌ఫార్మిన్ వాడే 11 మంది టైప్ 2 రోగులకు ఒకే భోజనాన్ని రెండు రకాలుగా పెట్టారు. కూరగాయలు, మాంసకృత్తులు ముందు తిని, బ్రెడ్డు, పండ్లరసం చివర తీసుకున్న రోజు, గంట తర్వాతి గ్లూకోజ్ దాదాపు 37 శాతం తక్కువగా వచ్చింది. సీసా లేదు, మంట లేదు, పళ్ళకు భయం లేదు. మన ఇంట్లో అంటే కూర, గుడ్డు, గట్టి పప్పు ముందు కొంత తినేసి, అన్నం తర్వాత కలుపుకోవడం. అన్నం మొదటి ముద్ద నుంచే కలుపుకుని తినడం అలవాటైన మనకు ఇది మొదట వింతగా ఉంటుంది, పది రోజుల్లో అలవాటైపోతుంది. రెండోది నడక. టైప్ 2 రోగుల మీద న్యూజిలాండ్‌లో 2016లో జరిగిన అధ్యయనంలో, రోజులో ఎప్పుడో ఒకసారి 30 నిమిషాలు నడవడం కన్నా ప్రతి ప్రధాన భోజనం తర్వాత 10 నిమిషాలు నడిచినప్పుడు తిన్న తర్వాతి గ్లూకోజ్ 12 శాతం తగ్గింది, రాత్రి భోజనం తర్వాత 22 శాతం. వెనిగర్ పడేవాళ్ళు కూడా ఈ రెండింటినీ ముందు పెట్టుకుని, దాన్ని మూడోదిగా కలుపుకోవాలి.

వోగ్లిబోస్ లేదా ఎకార్బోస్ కలిసిన మాత్ర వేసుకునేవాళ్ళకు చివరిగా ఒక సంగతి. ఈ మాత్రలు పేగులో చక్కెరను విడగొట్టే ఎంజైములనే ఆపుతాయి, వెనిగర్ కూడా అన్నాన్ని ఆలస్యం చేసేదే, కాబట్టి వీళ్ళకు వెనిగర్ వల్ల అదనంగా వచ్చేది తక్కువే. పైగా పక్కన గ్లిమిపిరైడ్ కూడా ఉండి లో షుగర్ వస్తే, చక్కెర, బిస్కెట్టు, చాక్లెట్ తొందరగా పనిచేయవు. చక్కెర విడిపోయి గ్లూకోజ్ కావాలి కదా, ఆ దారినే మాత్ర మూసేసింది. గ్లూకోజ్ పొడి నేరుగా రక్తంలోకి వెళ్తుంది. మందుల షాపులో దొరికే గ్లూకోజ్ పొడి డబ్బా ఒకటి వంటింట్లో, చిన్న పొట్లం ఒకటి జేబులో ఉంచుకోండి. వణుకు మొదలవగానే 15 గ్రాములు, అంటే మూడు చిన్న చెంచాల నిండా, అర గ్లాసు నీళ్ళలో కలిపి తాగి, 15 నిమిషాల తర్వాత మళ్ళీ గుచ్చి చూడాలి. 70 దాటకపోతే ఇంకోసారి అంతే తాగాలి.